స్వనీతి, కృప: మన సంఘాల్లో వినిపించే అపోహలు, వాస్తవాలు

తిరుపతి, పుత్తూరు పరిసర గ్రామాల్లో సంఘ కాపరిగా పరిచర్య చేస్తున్న నేను, ఆరాధనకు రావడం మానేసిన కుటుంబాలను ఇళ్లకు వెళ్లి పలకరించినప్పుడు తోటి విశ్వాసులు తమను చూసిన చూపు గురించే ఎక్కువగా వింటాను. 19వ శతాబ్దంలో జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషనరీల కాలం నుంచి ఈ ప్రాంతపు లూథరన్ సంఘాల్లో కృపచేతనే, అంటే మన అర్హత చూడకుండా దేవుడు చూపే దయవల్లనే, రక్షణ అని బోధిస్తూనే ఉన్నా, ఆ కృపను పక్కవారికి పంచవలసి వచ్చేసరికి కొన్ని అపోహలు అడ్డుపడుతున్నాయి.

అపోహ: స్వనీతి, అంటే నా మంచితనం వల్లే నేను నీతిమంతుణ్ణి అనుకోవడం, వేషధారులకు పట్టే జబ్బు, నిజమైన భక్తిపరులకు అది అంటదు.

వాస్తవం: లూకా 18వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానంలో, ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే పరిసయ్యుడు, పన్నులు వసూలు చేసే సుంకరి ప్రార్థించడానికి దేవాలయానికి వెళ్తారు. ఆ పరిసయ్యుడు అబద్ధం చెప్పినట్టు ఎక్కడా లేదు. ధర్మశాస్త్రం ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్త దినాన ఉపవాసం విధించగా అతడు వారానికి రెండుసార్లు ఉండేవాడు, సంపాదనంతటిలో దశమభాగం ఇచ్చేవాడు, పైగా తన ప్రార్థనను దేవునికి కృతజ్ఞతలు చెబుతూనే మొదలుపెట్టాడు. సుంకరులు కూడా రోమా ప్రభుత్వం తరఫున వసూళ్లు చేస్తూ జనాన్ని పిండుకుంటారని పేరుపడినవారే. అయినా నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లినది సుంకరే, ఎందుకంటే పరిసయ్యుడు దేవుని సన్నిధిలో నిలబడి కూడా తనను పక్కవాడితోనే పోల్చుకున్నాడు. కాబట్టి ఉపవాస కూటాలు మాననివారు, దశమభాగం తప్పనివారు, వేకువ ప్రార్థనకు అందరికంటే ముందు వచ్చేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. స్వనీతికి కావలసిన సరుకంతా వారి దగ్గరే ఉంటుంది.

అపోహ: బొట్టు, నగలు, జాతర భోజనం చూసి ఒకరి విశ్వాసాన్ని అంచనా వేయవచ్చు.

వాస్తవం: మే నెలలో తిరుపతిలో గంగమ్మ జాతర జరిగే వారం రోజులూ బంధువులంతా ఒకచోట చేరతారు. అత్తవారింట్లో తానొక్కతే క్రీస్తును నమ్ముకున్న కోడలు ఆ వారంలో వంటింట్లో అత్తకు సాయపడి అందరితో కలిసి భోంచేసిందని తెలిసి, ఆదివారం ఆమె కూర్చున్న చాప మీద చోటున్నా వెనక్కి వెళ్లి కూర్చున్నవారిని నేను చూశాను. విగ్రహారాధనకు దూరంగా పారిపొమ్మని కొరింథీయులకు రాసిన పౌలే, అదే అధ్యాయంలో, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వడ్డించినదాన్ని ఏ విచారణా లేకుండా తినమన్నాడు. అది విగ్రహానికి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం ఆ చెప్పినవాడి నిమిత్తం తినవద్దన్నాడు. హద్దు ఉన్నమాట నిజమే. అది తన ఇంట్లో ఎక్కడ పడుతుందో ఆ వంటింట్లో నిలబడిన కోడలు ప్రార్థించి తేల్చుకోవాలి, కావాలంటే కాపరిని అడగాలి. ఆమెను ఒక్క మాటైనా అడగకుండా తీర్పు చెప్పే అధికారం మనకు లేదని రోమా పత్రిక 14వ అధ్యాయం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. బొట్టు, నగల సంగతి ఇంతకంటే చిన్నది.

అపోహ: కృప చూపితే పాపాన్ని సమర్థించినట్టే.

వాస్తవం: వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీకి శిక్ష విధించనన్న నోటితోనే యేసు ఇక పాపం చేయవద్దని కూడా చెప్పాడు. దూలం, నలుసుల బోధలో కూడా, ముందు మన కంటిలోని దూలం తీసుకుంటే సహోదరుని కంటిలోని నలుసు తీయడానికి తేటగా కనబడుతుందని ఉంది. తప్పు చేసినవారి దగ్గరకు మొదట ఒంటరిగా వెళ్లమని మత్తయి 18:15 చెబుతుంది, మనం దాటేసే మెట్టు సరిగ్గా ఇదే. “ఫలానా ఊరి సహోదరి కుమార్తె విషయమై భారంగా ప్రార్థించండి” అని వాట్సాప్ గ్రూపులో పెట్టిన మనవి, పేరు లేకపోయినా ఎవరి గురించో అందరికీ అర్థమై, ఆ తల్లి చెవిన పడేలోపే పక్క సంఘాలకు చేరిపోతుంది. అటువంటి మనవి తెచ్చినవారిని “ఆ అక్కతో మీరు మాట్లాడారా?” అని అడుగుతాను, లేదని చెబితే ముందు వెళ్లి మాట్లాడి రమ్మంటాను.

అపోహ: క్షమించామంటే వెంటనే పాత నమ్మకం కూడా ఇచ్చేయాలి.

వాస్తవం: అక్కరలేదు. తాగి వచ్చి కొట్టే భర్తను క్షమించిన భార్య, అతడు నిజంగా మారాడని తేలేవరకు పుట్టింట్లోనే ఉండవచ్చు. కృప పేరు చెప్పి ఆమెను ఆ ఇంటికి తిరిగి పంపడం ఘోరం. మనసు మార్చుకున్న సుంకరి జక్కయ్య సైతం అన్యాయంగా తీసుకున్నదాన్ని నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

అపోహ: కృప చూపాలంటే మనకు జరిగిన నష్టం చిన్నదని మనసుకు నచ్చజెప్పుకోవాలి.

వాస్తవం: యేసు కాలంలో ఒక దేనారం ఒక రోజు కూలి, ఒక తలాంతు దాదాపు 6,000 దేనారాలు. మత్తయి 18వ అధ్యాయంలో రాజు తన దాసునికి మాఫీ చేసిన 10,000 తలాంతులంటే సుమారు 6 కోట్ల రోజుల కూలి. ఆ దాసుడు బయటికి వెళ్లి తోటి దాసుని గొంతు పట్టుకున్నది 100 దేనారాల కోసం. రాజు మాఫీ చేసినదాని ముందు అది ఏ మూలకూ రాదు, కానీ 100 రోజుల కూలి ఏ కష్టజీవికైనా పెద్ద మొత్తమే, యేసు దాన్ని సున్నాగా చూపలేదు. అందుకే తగవు తీర్చడానికి కూర్చున్నప్పుడు నష్టపోయినవారి లెక్కను తగ్గించకుండా చివరివరకు వింటాను, ఆ తర్వాతే దేవుడు వారికి మాఫీ చేసిన అప్పు గురించి మాట్లాడతాను. ఈ వరుస తప్పితే గాయపడినవారి మీద ఇంకొక భారం మోపినట్టవుతుంది.