మబ్బు మీద మోపిన నేరం

దుష్టుడి రాజ్యం మీద నల్లమబ్బు కమ్ముకుని తీరాలా? హైదరాబాద్‌లో తెలుగు ఫాంటసీ రాసేవారి మధ్య ఈ తగవు మళ్లీ రాజుకుంది. వాన కోసం మొహం వాచిన దక్కన్ పాఠకుణ్ణి మబ్బుతో భయపెట్టడం ఏమిటని ఒక వర్గం నిలదీస్తోంది. ఫాంటసీ సంప్రదాయమే అంతని రెండో వర్గం అంటోంది.

మంచు రాణులు, శాపం తగిలిన కోటలు అందరికీ తెలిసినవే, వాటిని వదిలేద్దాం. మబ్బుకు చెడ్డపేరు రావడంలో అసలు మలుపు 1884 ఫిబ్రవరిలో, లండన్‌లో ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు తుపాను మేఘం మీద ఆంగ్ల కళావిమర్శకుడు జాన్ రస్కిన్ అక్కడ రెండు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఇంగ్లండ్ ఆకాశానికి కొత్త తెగులు పట్టిందని, 1871 నుంచి తాను దాన్ని గమనిస్తున్నానని ఆయన ఫిర్యాదు. తన చుట్టుపక్కల రెండు వందల కొలిమి గొట్టాలైనా పొగ కక్కుతున్నాయన్నాడు. ఉత్త పొగ అలా కొట్టుకులాడదని, అందులో చచ్చినవాళ్ల ఆత్మలు ఉన్నట్టున్నాయని కూడా అన్నాడు. ప్రకృతికి మనుషుల భావాలు అంటగడతారని 1856లో కవులను తప్పుబట్టిన మనిషి ఈయనే!

తర్వాతి తరంవాడైన ఆంగ్ల ఫాంటసీ రచయిత టోల్కీన్ చిన్నప్పుడు కొన్నేళ్లు బర్మింగ్‌హామ్ దగ్గరి పల్లెలో పెరిగాడు. ఆ పల్లెను నగరం మింగేసింది. 1954–55లో వచ్చిన ఆయన నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో దుష్టప్రభువు సైన్యం కన్నా ముందే చీకటి పొగ బయలుదేరి సూర్యుణ్ణి కప్పేస్తుంది. అందులో అన్యాపదేశం, అంటే ఒకటి చెప్పి మరొకటి సూచించడం, ఏమీ లేదని ఆయన గట్టిగానే చెప్పుకున్నాడు, సరే. ఆ మబ్బుకు మాత్రం బొగ్గు వాసన ఉంది. మన అనుకరణల్లోకి వచ్చేసరికి బొగ్గు పోయి మబ్బు మిగిలింది.

మన కథల్లో దుర్మార్గం వానను ఆపేస్తుంది. ఋగ్వేదంలో వృత్రుడు నీళ్లను బంధిస్తాడు. రామాయణంలో రోమపాదుడు తప్పు చేస్తే అంగదేశానికి కరువొస్తుంది, ఋష్యశృంగుడు అడుగుపెడితేగానీ చినుకు పడదు. మంచి ఏలుబడికి మనవాళ్ల కొలమానం నెలకు మూడు వానలు.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద సంగతేమిటని రెండో వర్గం అడుగుతుంది. ఆ ఘోరం నిజమే. దాని తర్వాతే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ చెరువులే నగరం దాహం తీర్చాయి.

కరువుతో మొదలైన కథ వానతోనే ముగియాలి, ఆ ముగింపును సినిమావాళ్లు ఎప్పుడో అరగదీశారు కదా అన్నది అవతలివారి తాజా ఆక్షేపణ. దానికి మాత్రం ఇటువైపు నుంచి సరైన జవాబు ఇంకా రాలేదు.