కాజీపేట ఎందుకు ఊరుకోవడం లేదు

కాజీపేట కేంద్రంగా రైల్వే డివిజన్, అంటే జోన్ కింద ఉండే పాలనా విభాగం, కావాలన్న మాట మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ఏర్పాటుతో విజయవాడ, గుంటూరు, గుంతకల్లు డివిజన్లు అటు వెళ్తాయి. దక్షిణ మధ్య రైల్వేకు సికింద్రాబాద్, హైదరాబాద్, నాందేడ్ మిగులుతాయి. అలాంటప్పుడు ఇంత పెద్ద జంక్షన్‌ను ఇంకా సికింద్రాబాద్ కిందే ఎందుకు ఉంచాలన్నది ఇక్కడి ప్రజల ప్రశ్న.

నిజాం రైలు 1889లో బెజవాడ చేరిన కథ చాలామందికి తెలిసిందే. కాజీపేటను మార్చింది మాత్రం 1929. ఆ ఏడాది బల్లార్షా లైను పూర్తయి, మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి పడింది. దర్గా చుట్టూ ఉన్న పాత ఊరికి పక్కన రైలు కోసమే బతికే కొత్త ఊరొకటి లేచింది.

దానికి కారణం బొగ్గింజన్. ఆ ఇంజన్‌కు దారిలో నీళ్లు పట్టాలి, బొగ్గు నింపాలి, బూడిద దులపాలి. కొంత దూరం నడిచాక ఇంజన్‌నూ, డ్రైవర్, ఫైర్‌మన్‌లనూ మార్చాలి. డ్యూటీ ఏ అర్ధరాత్రి పడుతుందో తెలియదు. కాల్ బాయ్ వచ్చి తలుపు తట్టి లేపాలంటే వాళ్ల ఇల్లు షెడ్డుకు నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉండాలి. రైల్వే క్వార్టర్స్ కట్టింది అందుకే. ఖలాసీలు, ఫిట్టర్లు, గార్డులు, గ్యాంగ్‌మన్‌లు కుటుంబాలతో వచ్చారు. ఆంగ్లో ఇండియన్లు, తమిళులు కూడా ఇక్కడివాళ్లయ్యారు. ఆస్పత్రి, బడి, ఆటస్థలం వచ్చాయి. సోమిడి, ఫాతిమానగర్, బాపూజీనగర్ వైపు ఊరు పెరిగిందంటే ఆ జీతాల వల్లే.

డీజిల్, ఆ తర్వాత కరెంటు ఇంజన్లు వచ్చాయి. షెడ్లు ఇక్కడే ఉన్నా మునుపటంతమంది చేతులతో పనిలేకపోయింది. తాత, తండ్రి రైల్వేలో చేసిన ఇళ్లలో మూడో తరానికి ఉద్యోగం దొరకడం కష్టమైంది.

ఆ లోటు తీరే అవకాశం ఒకసారి చేతిదాకా వచ్చింది. ఇందిరా గాంధీ హయాంలో, 1982లోనే కోచ్ ఫ్యాక్టరీ కాజీపేటకు మంజూరైందని ఇక్కడ అందరూ చెబుతారు. 1984 అక్టోబరులో ఆమె హత్య జరిగింది. పంజాబ్‌ను శాంతపరచడం ఢిల్లీకి పెద్ద పనైంది. 1985 ఆగస్టులో రాజీవ్ గాంధీ కపుర్తలాలో శంకుస్థాపన చేశారు. 1988కల్లా అక్కడ కోచ్‌లు తయారయ్యాయి. పంజాబ్‌కు మేలు జరిగిందని ఇక్కడెవరూ ఏడవడం లేదు. దానికి బదులుగా కాజీపేటకు ఏమిచ్చారన్న ప్రశ్నకే ఇప్పటికీ జవాబు రాలేదు. అంతకుముందు హనుమకొండ ఎంపీగా ఉన్న పీవీ నరసింహారావు 1991లో ప్రధాని అయ్యారు. అప్పుడూ కోచ్ ఫ్యాక్టరీ రాలేదు.

2014 విభజన చట్టంలో ఆ మాట మళ్లీ వచ్చింది. తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ పెట్టవచ్చో లేదో రైల్వే ఆరు నెలల్లో పరిశీలించాలని 13వ షెడ్యూల్ చెబుతోంది. ఉన్న ఫ్యాక్టరీలే దేశ అవసరాలకు సరిపోతాయని రైల్వే వాదించింది. మరి 2018లో మహారాష్ట్రలోని లాతూరుకు కోచ్ ఫ్యాక్టరీ ఎలా ఇచ్చారు? ఆ వాదన ఇక్కడ ఎవరికీ మింగుడుపడకపోవడానికి కారణం ఇదే.

కాజీపేటకు దక్కింది విడతలవారీగా మారుతూ వచ్చిన ప్రాజెక్టు. ముందు వ్యాగన్ల మరమ్మతు వర్క్‌షాప్ అన్నారు, తర్వాత వ్యాగన్ల తయారీ అన్నారు. 2023 జులై 8న ప్రధాని మోదీ దీనికి శంకుస్థాపన చేశారు. ఖర్చు అంచనా రూ.500 కోట్లకు పైనే. అయోధ్యాపురం దగ్గర సుమారు 160 ఎకరాల్లో పనులు మొదలయ్యాయి. అయినా జనం డివిజన్ అడగడం మానలేదు.

కొత్త డివిజన్ అంటే ఆఫీసులు, సిబ్బంది, ఖర్చు అన్నది నిజమే. కానీ ఊరికి కావలసింది సరిగ్గా అవే. డివిజన్ పెద్ద అధికారి అయిన డీఆర్‌ఎం ఆఫీసు, రైళ్ల రాకపోకలు చూసే కంట్రోల్ ఆఫీసు, అకౌంట్స్, సిబ్బంది విభాగం వస్తే వందల కుటుంబాలు ఇక్కడే కాపురముంటాయి. బదిలీకో, పెన్షన్ కాగితానికో సికింద్రాబాద్ దాకా పరుగెత్తే పని తప్పుతుంది. బల్లార్షా వైపు, విజయవాడ వైపు లైన్లు కలిసే చోటే వాటి నిర్ణయాలూ జరుగుతాయి.