హెచ్ఐవీకి మందు అలవాటవుతుందా?

సిరీ, చరణ్,

"రోజూ వేసుకుంటే వైరస్‌కి ఆ మందు అలవాటైపోదా తాతయ్యా?" అని అడిగారు కదా. ఏఆర్‌టీ సెంటర్లో, అంటే హెచ్ఐవీని అదుపులో ఉంచే మందులిచ్చే చోట, కిటికీ దగ్గర నేను పనిచేసినన్నాళ్లూ చాలామంది ఇదే అడిగేవారు. అసలు సంగతి దానికి తలకిందులు. రోజూ వేసుకునేవాళ్లకన్నా, మధ్యమధ్యలో మానేసేవాళ్లకే ఆ గండం ఎక్కువ.

హెచ్ఐవీ జన్యుపటంలో దాదాపు 9,700 అక్షరాలుంటాయి. మన కణంలో దూరగానే రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైము వాటికి నకలు తీస్తుంది. మహా తొందర దానికి, రాసింది సరిచూసుకోదు. మందుల్లేని ఒంట్లో రోజుకి వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్‌లు పుడతాయి. ఇక తప్పులకేం కొదవ? చాలా తప్పులు వైరస్‌నే దెబ్బతీస్తాయి. కొన్ని మాత్రం దానికి కలిసొస్తాయి.

లామివుడిన్ అనే హెచ్ఐవీ మందు సంగతే చూడండి. ఆ ఎంజైములో 184వ స్థానంలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. జన్యువులో ఒక్క అక్షరం మారి అక్కడ వేలిన్ అనే వేరే అమైనో ఆమ్లం వచ్చిందా, ఆ మందు ఇక సరిగా పనిచెయ్యదు. ఒక్కటంటే ఒక్క అక్షరం! అలా మారిన వైరస్‌లు మందు మొదలుపెట్టకముందే ఒంట్లో కొన్ని ఉంటాయి. మందు వాటిని పుట్టించదు. మిగతావాటిని ఆపేసి వాటికి చోటు ఖాళీ చేస్తుంది, అంతే.

1987లో జిడోవుడిన్ అనే మందు ఒంటరిగా వచ్చింది. 1989కల్లా దానికి లొంగని వైరస్‌లు రోగుల్లో బయటపడ్డాయి. 1996 నుంచి మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలైంది. మూడింటికీ సరిపడా తప్పులు ఒకే వైరస్‌లో ఒకేసారి పడటం చాలా అరుదు. పైగా నకళ్లే ఆగిపోతే కొత్త తప్పులెక్కడివి?

మన దేశంలో 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ మొదలైంది. అప్పట్లో ఎక్కువగా ఇచ్చింది స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్. నెలకోసారి డబ్బా వెనక్కి తెస్తే మిగిలిన మాత్రలు ట్రేలో పోసి లెక్కపెట్టేవాళ్లం. ఎక్కువ మిగిలాయేమని అడిగితే, "పెళ్లికెళ్లాను సార్, చుట్టాలు చూస్తారని తీసుకెళ్లలేదు" అనేవారు. వాళ్లని ఏమనగలం? ఆ భయం పెట్టింది మనమే.

కానీ ఒంట్లో జరిగేది వేరు. మాత్ర ఆపగానే మొదటి రెండు మందులూ త్వరగా పోతాయి. నెవిరపిన్ మాత్రం రోజుల తరబడి రక్తంలో ఉండిపోతుంది. అంటే మందు మానేశాననుకున్న మనిషి నిజానికి ఒంటరి మందు మీద ఉన్నట్టు. నెవిరపిన్‌ని ఓడించడానికీ ఒక్క మార్పు చాలు. ఇప్పుడిస్తున్న డొలుటెగ్రావిర్ అనే మందు వైరస్‌కి అంత తేలిగ్గా లొంగదు లెండి.

ఇంకొకటి. 184 దగ్గర మారిన వైరస్ కాస్త నీరసంగా ఉంటుంది. లామివుడిన్ ఆపితే పాత రకం మళ్లీ పైకొస్తుంది, టెస్టులో మారినది కనబడకపోవచ్చు. కానీ అది నిద్రపోయే కణాల్లో దాక్కునే ఉంటుంది. అందుకే డాక్టర్లు ఇవాళ్టి రిపోర్టు చూసి ఊరుకోరు, ఇంతకుముందు ఏయే మందులు వాడారో పాత పుస్తకం కూడా తెమ్మంటారు.

మీ తాతయ్య