అల్యూమినియం బాడీలో మిగిలిపోయిన బోల్టు బెజ్జాలు: అపోహలు – వాస్తవాలు

రూఫ్ క్యారియర్ తీసేసినా, పాత ఏరియల్ పీకేసినా, స్టెప్నీ బ్రాకెట్ చోటు మార్చినా బండి బాడీ మీద బెజ్జాలు మిగులుతాయి. ఇనుప రేకైతే ఎవరికీ సందేహం రాదు: వెల్డింగ్ చుక్క పెట్టి, గ్రైండర్ తిప్పి, పుట్టీ పూస్తారు. అల్యూమినియం రేకు అనగానే తలో మాటా చెబుతారు. 1948లో వచ్చిన తొలి ల్యాండ్ రోవర్‌కే అల్యూమినియం మిశ్రమలోహపు బాడీ ఉండేది, అంటే ఈ లోహం మనకేమీ కొత్త కాదు. అయినా ఆ చెప్పే మాటల్లో చాలావరకు ఇనుము పని నుంచి అరువు తెచ్చుకున్నవే. బెజ్జంలో ఏం కూరాలన్నది తర్వాతి సంగతి, ముందు దాని అంచు ఎలా ఉందో చూడాలి. నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అపోహ: అల్యూమినియానికి తుప్పు పట్టదు, బెజ్జం అలాగే వదిలేసినా ఫర్వాలేదు.

ఎర్ర తుప్పు పట్టదు, నిజమే. గాలి తగలగానే పైన పలచటి ఆక్సైడ్ పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. కానీ ఆ బెజ్జంలో ఇన్నాళ్లూ ఉన్నది ఇనుప బోల్టు. రెండు వేర్వేరు లోహాలు తగులుకుని ఉన్నచోట ఉప్పు కలిసిన తడి చేరితే తినిపోయేది అల్యూమినియమే. బోల్టు తీశాక అంచును గోటితో గీరి చూడండి. తెల్లటి పొడి రాలుతుంది. చుట్టూ పెయింట్ బుడగలా లేచి ఉంటుంది, ఒక్కోసారి పురుగు పాకినట్టు సన్నటి గీతలు పెయింట్ కిందే దూరందాకా పోతాయి. దాని మీద ఎంత ఖరీదైన సీలెంట్ (నీళ్లు దూరకుండా పూసే బంక) పూసినా కింద లోహం తినుకుపోవడం ఆగదు. మెరిసే లోహం కనిపించేదాకా, లోపలా బయటా రెండువైపులా గీకాల్సిందే.

గీకడానికి ఇనుము మీద వాడిన వైర్ బ్రష్ పట్టుకోవద్దు. అందులోని ఇనుప నలుసులు మెత్తటి అల్యూమినియంలో దిగబడి కొత్త తుప్పుకు విత్తనాలవుతాయి. కొత్త స్టెయిన్‌లెస్ బ్రష్ గానీ, కొత్త ఎమెరీ పేపర్ గానీ తీసుకోండి. గుర్తు పెట్టడానికి పెన్సిల్ కూడా వద్దు, గ్రాఫైట్ అల్యూమినియానికి పడదు. విమానాల మరమ్మతులో ఈ నియమాన్ని గట్టిగా పాటిస్తారు.

అపోహ: స్టెయిన్‌లెస్ బోల్టు, వాషర్ బిగించేస్తే జన్మలో చూడక్కర్లేదు.

బోల్టుకు ఏమీ కాదు. స్టెయిన్‌లెస్ కూడా వేరే లోహమే కాబట్టి రేకు మాత్రం తినుకుపోతుంది. బోల్టుతోనే మూయక తప్పకపోతే నైలాన్ వాషర్, బోల్టు కాడ చుట్టూ సీలెంట్ ఉండాలి, లోహానికి లోహం తగలకూడదు.

అపోహ: పుట్టీ నింపి పెయింట్ వేస్తే సరి.

అందరూ చేసే పని ఇదే, ముందుగా ఊడేదీ ఇదే. బెజ్జంలో ఉత్త పుట్టీ బిరడాకు వెనక ఆధారం ఉండదు. బండి అదురుకు అంచు దగ్గర వెంట్రుకవాసి పగులు వస్తుంది, వెనకవైపు నుంచి తడి పీల్చుకుంటుంది. పుట్టీ చెడ్డదేం కాదు. దాని స్థానం చివర, నునుపు కోసం పలచగా.

వెనకకు చేయి దూరే చోట నేను చేసే పద్ధతి చెబుతాను. అదే మందం అల్యూమినియం రేకు నుంచి గుండ్రటి బిళ్ల కత్తిరించండి, బెజ్జం అంచు దాటి చుట్టూ కనీసం 12 మిల్లీమీటర్లు రావాలి. ముందు జిడ్డు తుడిచి ఆ తర్వాతే 80 నంబర్ పేపర్‌తో రుద్దండి. వరుస తప్పితే జిడ్డును గీతల్లోకి మీరే రుద్దినట్టు. మళ్లీ తుడిచి, ఆలస్యం చేయకుండా లోహాలకు పనికొచ్చే ఎపాక్సీ జిగురు (రెండు భాగాలు కలిపితే గట్టిపడేది) పూసి వెనక నుంచి అతికించాలి. గంటల తరబడి వదిలేస్తే ఆక్సైడ్ మళ్లీ మందమవుతుంది.

జిగురు పట్టేదాకా బిళ్లను చేత్తో ఎంతసేపు అదిమి పట్టుకుంటారు? బిళ్ల మధ్యలో ముందే చిన్న స్క్రూ ఎక్కించుకోండి. దాని తల బెజ్జంలోంచి బయటికి ఉంటుంది, దానికో తీగ కట్టి అడ్డుపుల్లకు బిగిస్తే బిళ్ల రేకుకు హత్తుకుని కూర్చుంటుంది. గట్టిపడ్డాక స్క్రూ తీసేసి, మిగిలిన గుంటను చిక్కటి ఎపాక్సీతో నింపి, సమంగా రుద్ది, ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి. పాలిస్టర్ పుట్టీ వేయాలనుకుంటే దీని మీదే వేయండి. యాసిడ్ ఎచ్ ప్రైమర్ (ఆమ్లంతో లోహాన్ని కొరికి పట్టుకునే తొలి పూత) మీద మాత్రం వద్దు, రెంటికీ పొసగదు.

అపోహ: పాప్ రివెట్ కొడితే నీళ్లు దూరవు.

పాప్ రివెట్ అంటే ఒకవైపు నుంచే గన్‌తో లాగి బిగించే మేకు. మామూలుది మధ్యలో బోలుగా ఉంటుంది. గన్ లాగినప్పుడు పిన్ను తెగిపోయాక మిగిలిన ముక్కే దానికి మూత, దాని పక్కనుంచి నీళ్లు సుబ్బరంగా కారతాయి. పైగా ఆ పిన్ను ఇనుముదైతే కొన్నాళ్లకు రివెట్ నడుమ ఎర్రటి చుక్క కనిపిస్తుంది. కావాల్సింది మూసిన కొనతో వచ్చే సీల్డ్ రివెట్. వెనకకు చేయి దూరని చోట ఇంతకు మించిన దారి లేదు. ఎం6 బోల్టు (6 మిల్లీమీటర్ల లావుది) బెజ్జం మామూలుగా ఆరున్నర మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటుంది, 6.4 మిల్లీమీటర్ల రివెట్ అందులో సరిగ్గా కూర్చుంటుంది. బెజ్జం అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటే పట్టదు. ఎం8 బెజ్జానికి ఈ రివెట్ చిన్నదైపోతుంది, పైన పలక వేయక తప్పదు. ఏదైనా సరే, తల కింద కాస్త సీలెంట్ రాసి కొట్టండి.

అపోహ: ఏ సిలికాన్ అయినా ఒకటే.

వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. అప్పుడే గీకిన లోహం మీద దాన్ని పూయడమేంటి! అసలు సిలికాన్ మీద పెయింట్ నిలవదు, దాని జాడ మిగిలితే చుట్టుపక్కల పెయింట్ కూడా చేపకళ్లలా విడిపోతుంది. పాలీయురేథేన్ లేదా ఎంఎస్ పాలిమర్ సీలెంట్ తీసుకోండి. ఆరాక కూడా సాగే గుణం పోదు. ఆ సాగుడు అవసరం కూడా: 2 మీటర్ల అల్యూమినియం రేకు 50 డిగ్రీలు వేడెక్కితే 2 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది, కింద ఉన్న ఇనుప చట్రం అందులో సగమే పెరుగుతుంది.

అపోహ: వెల్డింగే అసలైన మరమ్మతు.

చేయి తిరిగిన టిగ్ వెల్డర్ (టంగ్‌స్టన్ కొనతో, ఆర్గాన్ లాంటి వాయువు రక్షణలో వెల్డింగ్ చేసేవాడు) చేతిలో అయితే ఒప్పుకుంటాను. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, పైనున్న ఆక్సైడ్‌కు 2000 దాటాలి. ఎర్రబడి హెచ్చరించడమూ ఉండదు, చూస్తుండగానే జారిపోయి చిన్న బెజ్జం పెద్దదవుతుంది. వీడియోల్లో గ్యాస్ మంటతో కరిగించే కడ్డీలున్నాయి చూశారూ, అవి ఎక్కువగా జింక్ మిశ్రమాలు. అవి పట్టాలన్నా రేకును దాదాపు 400 డిగ్రీలకు వేడి చేయాలి. బల్ల మీది మందపాటి ముక్కకు బాగానే ఉంటుంది. పలచటి డోరు రేకైతే వంకర తిరుగుతుంది, పెయింటూ వెనక ఉన్న వైరింగూ కాలిపోతాయి.

అపోహ: కనిపించిన ప్రతి బెజ్జమూ మూసేయాలి.

డోరు అడుగున, సిల్ (డోరు కింది గడప పట్టీ) కింద ఉన్నవి నీళ్లు బయటికి పోవడానికి కంపెనీ పెట్టినవి. వాటి జోలికి పోవద్దు. బెజ్జం నుంచి చీలిక మొదలై ఉంటే అది సీలెంట్‌తో తీరే పని కాదు. 1994 ఆడీ ఏ8 లాగా అల్యూమినియం చట్రమే బరువు మోసే బండ్లలో అలాంటిచోట కంపెనీ చెప్పిన పద్ధతే పాటించాలి.

అపోహ: లోపల తడి ఉందంటే ఆ పైనున్న బెజ్జమే కారుతోంది.

నీళ్లు రేకు వెంబడి, చట్రం వెంబడి పాకి ఎక్కడో బొట్టు కడతాయి. సీలెంట్ పూర్తిగా ఆరాక ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి, ఇంకొకరు బయట పైపుతో నీళ్లు పట్టాలి. కింది బెజ్జం నుంచి మొదలుపెట్టి ఒక్కోదాని దగ్గర కాసేపు ఆగుతూ పైకి రండి. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి, ఏది కారుతోందో తేలదు.