గంజాయి: పెద్దల భయం, పిల్లల లెక్క

విశాఖలో డీ-అడిక్షన్ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. మా గదిలోకి ముందు అమ్మానాన్నలు వస్తారు. "వీడికి ఎక్కడ దొరుకుతోంది సార్?" అని అడుగుతారు. వాళ్లను బయట కూర్చోబెట్టి నేను పిల్లాడిని అడిగేది వేరు: "దానివల్ల నీకు ఏం బాగుంటోంది?" ఆ మాట అంతకుముందు ఆ పిల్లలను ఎవరూ అడిగి ఉండరు. జవాబులు మాత్రం ఇంచుమించు ఒకటే. నిద్ర పడుతుంది, టెన్షన్ పోతుంది, ఫ్రెండ్స్‌లో కలిసిపోతాను. నష్టాలు బొత్తిగా తెలియక తాగేవాళ్లు తక్కువే. లాభం ఈ రాత్రికే కనిపిస్తుంది, నష్టం ఎప్పుడో ఎవరికో అనిపిస్తుంది.

అపోహ: ఒక్క దమ్ము కొడితే బతుకు నాశనం

ఇది పెద్దల అపోహ. ముందు దీన్నే తీసుకుంటున్నాను, ఎందుకంటే మా పనిని అన్నిటికంటే కష్టం చేసేది ఇదే. వాడినవాళ్లలో నూటికి తొమ్మిది మంది దాకా దానికి బానిసలవుతారని అంచనా. టీనేజ్‌లోనే మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు. అంటే హాస్టల్ గదిలో మిగతా ఐదుగురూ మామూలుగా తిరుగుతూ కనిపిస్తారు. అది చూసిన కుర్రాడు "ఇంట్లో చెప్పినవన్నీ అబద్ధాలే" అనుకుంటాడు. ఆ ఆరోవాడు ఎవరో ముందుగా చెప్పే పరీక్ష ఏదీ లేదు.

అలాగని పిచ్చెక్కుతుందన్న మాట ఉత్తదేం కాదు. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రెనియా లాంటి జబ్బు ఉన్నా, ఘాటైన సరుకు రోజూ తాగుతున్నా, లేని మాటలు వినిపించడం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారన్న అనుమానం రావడం లాంటి ముప్పు బాగా పెరుగుతుంది.

అపోహ: మొక్కే కదా

ఉమ్మెత్తా మొక్కే, గన్నేరూ మొక్కే. మత్తునిచ్చే టీహెచ్‌సీ అమెరికాలో పట్టుబడిన గంజాయిలో 1995లో సుమారు 4 శాతం ఉండేది, 2014కి 12 శాతం అయింది. గంజాయి నుంచి తీసే చిక్కటి నూనె, హాష్ ఆయిల్‌లో ఇంకా చాలా ఎక్కువ. గంజాయి కలిపిన చాక్లెట్ల సంగతి వేరు. మత్తు ఎక్కడానికి గంటో రెండు గంటలో పడుతుంది. "ఏం కాలేదే" అని రెండోది నోట్లో వేసుకున్నవాళ్లే ఆసుపత్రికి వస్తారు.

అపోహ: టెన్షన్‌కి ఇదే మందు

పిల్లలు అన్నిటికంటే గట్టిగా నమ్మేది ఇదే. అందులో సగం నిజం ఉంది కాబట్టి కొట్టిపారేయలేం. మొదట్లో మనసు తేలికవుతుంది, నిద్ర తొందరగా పడుతుంది. కొన్ని వారాలు రోజూ తాగితే ఒళ్లు అలవాటు పడుతుంది, అదే మోతాదు చాలదు. ఆపిన రెండో రోజు నుంచి చిరాకు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, పడితే పిచ్చి కలలు. మొదటి వారం బాగా ఇబ్బందిగా ఉంటుంది. రెండు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. నిద్ర కుదురుకోవడానికి ఇంకొంచెం ఎక్కువ పట్టొచ్చు.

ఈ సంగతి ఎవరూ చెప్పకపోతే కుర్రాడికి అర్థమయ్యేది ఒక్కటే: "చూశారా, అది లేకపోతే నాకు టెన్షన్ ఎక్కువైంది." తాగగానే తగ్గుతుంది కూడా. గంజాయి పోగొట్టిన ఆ టెన్షన్ గంజాయి తెచ్చిందే. అందుకే మానే రోజే క్యాలెండర్ తీసి పద్నాలుగు రోజులు గీసి చూపిస్తాను. ఆ గీతలు చాలా ఉపన్యాసాల కంటే బాగా పనిచేశాయి.

అపోహ: అందరూ తాగుతున్నారు

కేంద్రం 2019లో విడుదల చేసిన జాతీయ సర్వేలో 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో భంగు కూడా కలిపి గంజాయి వాడకం 0.9 శాతం. ఇంటికొచ్చి అడిగితే ఏ పిల్లాడు నిజం చెబుతాడు అంటారా? సరే, మూడింతలు చేయండి. నూటికి ముగ్గురు. తాగేవాడి చుట్టూ తాగేవాళ్లే ఉంటారు, అందుకే అలా అనిపిస్తుంది.

అపోహ: కెనడాలో లీగల్, కాబట్టి సేఫ్

కెనడా 2018లో అనుమతించింది. కానీ చాలా రాష్ట్రాల్లో 19 ఏళ్లు నిండాలి, క్యుబెక్‌లో 21. ఇక్కడేమో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుపదార్థాల చట్టం ఉంది. కిలో లోపు "చిన్న మొత్తం" కాబట్టి కేసు ఉండదనుకుంటారు పిల్లలు. దానికీ ఏడాది వరకు జైలు పడొచ్చు. అదే చట్టంలోని 64ఎ సెక్షన్, ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట తనంతట తాను చికిత్సకు వచ్చిన బానిసకు ఇలాంటి చిన్న కేసుల నుంచి రక్షణ ఇస్తుంది. ఇది ఇళ్లలో ఎవరికీ తెలియదు. సలహా కోసం డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయొచ్చు.

అపోహ: టెస్టులో పాజిటివ్ వస్తే నిన్న తాగినట్టే

మళ్లీ పెద్దలదే. టీహెచ్‌సీ కొవ్వులో నిల్వ ఉంటుంది. రోజూ తాగినవాడు మానేసినా మూత్రంలో వారాల తరబడి, ఒక్కోసారి నెల దాటినా కనిపిస్తుంది. ఒకాయన మెడికల్ షాపులో కిట్ కొని, కొడుకు మానేసిన పన్నెండో రోజున టెస్ట్ చేశాడు. పాజిటివ్ వచ్చింది. చెంప పగలగొట్టి దొంగవన్నాడు. అప్పటిదాకా నిజంగానే ముట్టని ఆ అబ్బాయి ఆ రాత్రే మళ్లీ తాగాడు.