“చూద్దాం, పెరుగుతుందేమో” అని ఆగకండి: బుల్లి పెంపుడు జంతువుల గడ్డలపై అపోహలు - వాస్తవాలు

ఈ వారంలో ముగ్గురు ఒకటే మాట అన్నారు. “పెరుగుతుందేమో చూద్దామని ఆగాం డాక్టర్ గారూ.” ముగ్గురి దగ్గరా గడ్డ పెరిగింది. పెరగక ఏం చేస్తుంది?

అపోహ: చిన్న గడ్డను కదిలించకూడదు, పెద్దదయ్యాక చూసుకోవచ్చు.

పెంపుడు ఎలుక బతికేదే రెండు మూడేళ్లు. మీకు రెండు నెలలంటే, రెండేళ్లు బతికే ఎలుకకు ఆయుష్షులో పన్నెండో వంతు. ఆడ ఎలుకకు వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం రొమ్ము గ్రంథుల ఫైబ్రోఅడినోమాలు. అవి క్యాన్సర్ కావు, కానీ పెరగడం ఆపవు. ఎలుకకు రొమ్ము కణజాలం మెడ నుంచి గజ్జల దాకా పరుచుకుని ఉంటుంది. అందుకే చంకలో వచ్చినా, భుజం పక్కన వచ్చినా అదే అయ్యుండొచ్చు. మగవాటికీ వస్తాయి.

300 గ్రాముల ఎలుక ఒంట్లో ఉండే రక్తమంతా కలిపితే సుమారు 20 మిల్లీలీటర్లు, అంటే నాలుగు టీస్పూన్లు. శనగగింజంత గడ్డ తీస్తే పోయేది చుక్కలు. అదే నిమ్మకాయంత అయితే లావాటి రక్తనాళాలు దానికి రక్తం మోస్తూ ఉంటాయి. ఒక్క టీస్పూన్ పోయిందంటే పావు వంతు రక్తం పోయినట్టే. పైగా కుట్టడానికి చర్మం చాలదు. అప్పటికే గడ్డ నేలకు రాసుకుని పుండు పడి ఉంటుంది.

ఒకమ్మాయి తన ఎలుకను అలాంటి గడ్డతోనే తెచ్చింది. మూడు నెలల ముందే ఇంకో చోట చూపించిందట. “ఎలుకకు ఆపరేషనా!” అని నవ్వారట. ఆ సిగ్గుతో మళ్లీ ఎవరినీ అడగలేదు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది. గడ్డ తీశాక తూకం వేస్తే ఎలుక బరువులో నాలుగో వంతు ఉంది. అది బతికింది. ఐదు నెలలకు రెండోవైపు ఇంకోటి వచ్చింది. ఈసారి బఠాణీ గింజంత ఉన్నప్పుడే తెచ్చింది. పావుగంటలో పని అయిపోయింది.

అన్నట్టు, ‘క్యాన్సర్ కాదులే’ అన్న ధైర్యం చుంచెలుకకు (మౌస్‌కు) వర్తించదు. దాని రొమ్ము గడ్డల్లో ఎక్కువ భాగం ప్రాణాంతకమే.

అపోహ: మత్తు ఇస్తే ఇక లేవవు.

ముప్పు ఎక్కువే, దాచను. 2008లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో మత్తు సంబంధ మరణాలు కుక్కల్లో 0.17 శాతం, కుందేళ్లలో 1.39 శాతం. అందులో అప్పటికే జబ్బుతో ఉన్నవీ కలిసి ఉన్నాయి. కుందేళ్ల మరణాల్లో ఎక్కువ భాగం ఆపరేషన్ అయ్యాకే. కాబట్టి ఒళ్లు వెచ్చగా ఉంచడం, నొప్పి మందు, త్వరగా మేత తినిపించడం సగం వైద్యం. ఇంకోటి, కుందేళ్లూ గినీపిగ్‌లూ వాంతి చేసుకోలేవు. “రాత్రి నుంచి పస్తు పెట్టాం” అని గర్వంగా చెప్పకండి, పేగులు ఆగిపోతాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఏ గడ్డో తెలుసుకోవడానికి సూదితో కణాలు తీస్తే క్యాన్సర్ పాకుతుందా? చర్మపు గడ్డల విషయంలో అది చాలా చాలా అరుదు. ఏ గడ్డో తెలియకుండా కోస్తే నష్టం అంతకంటే ఎక్కువ. కుందేలు గడ్డను నొక్కి చీము తీయొచ్చా? వద్దు. అది ముద్దలా గట్టిగా ఉంటుంది, కారదు. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ నోట్లో పోస్తే గడ్డకంటే ముందు అదే చంపేయొచ్చు. గినీపిగ్ నడుము మీద పగిలి తెల్లటి ముద్ద వచ్చేది చాలాసార్లు ట్రైకోఫాలిక్యులోమా, అంటే వెంట్రుక కుదుళ్ల నుంచి పుట్టే, క్యాన్సర్ కాని గడ్డ. పూర్తిగా తీసేస్తే మామూలుగా అంతటితో సరి. ఫెర్రెట్‌కు (ముంగిసలా పొడవాటి ఒళ్లున్న పెంపుడు జంతువు) “మాస్ట్ సెల్ ట్యూమర్”, అంటే ఒక రకం రోగనిరోధక కణాల గడ్డ అని రిపోర్టు వస్తే కుక్కల గురించి రాసింది చదివి ఏడవకండి. కుక్కలో భయపెట్టే ఆ గడ్డే ఫెర్రెట్ చర్మంలో చాలావరకు సాధువు.

ఇక రాత్రంతా నిద్రపోకుండా తెల్లారేసరికి వచ్చి కూర్చునేవాళ్లున్నారు, వాళ్లంటే నాకు జాలి. మొన్న ఒకాయన హామ్‌స్టర్‌ను తువ్వాలులో చుట్టి తెచ్చి, నడుముకు అటూ ఇటూ నల్లటి మచ్చలు చూపించాడు. మాట పెగల్లేదు. అవి వాసన గ్రంథులు, సహజంగానే ఉంటాయి. రెండు వైపులా ఒకే చోట, ఒకే తీరుగా ఉంటే ముందు గ్రంథి అనుకోండి. ఒకవైపుది మాత్రమే ఉబ్బినా, రక్తం కారినా తీసుకురండి. అది తెలిశాక ఆయన హామ్‌స్టర్‌ను వదిలి, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.