డాలీ సంతకం ఉంటే చాలదు: అపోహలు, వాస్తవాలు

మొన్న శనివారం ఒక పెద్దాయన, ఆయన భార్య మా వర్క్‌షాప్‌కి వచ్చారు. ఒక ఫ్రేమ్‌ని దుప్పటిలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని తెచ్చారు. న్యూజెర్సీకి వచ్చి పాతికేళ్లయినా ఆయన మాటలో గుంటూరు అలాగే ఉంది. "అమ్మా, ఇది డాలీ. పెన్సిల్‌తో పెట్టిన సంతకం ఉంది, నంబరుంది, సర్టిఫికెట్టూ ఉంది. చిన్నమ్మాయి పెళ్లికి అమ్ముదామనుకుంటున్నాం. ఎంతొస్తుందో కాస్త చూసి చెప్పు" అన్నారు.

కాగితం మీద ఉన్న చిత్రాలను, ప్రింట్లను పరీక్షించి బాగుచేయడం నా పని. ఈ పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ పేరుతో నా బల్ల మీదికి వచ్చినన్ని ప్రింట్లు ఇంకే చిత్రకారుడి పేరుతోనూ రాలేదు. తెచ్చేవాళ్లలో మనవాళ్లూ చాలామందే ఉంటారు. ఓడ ప్రయాణంలో జరిగిన వేలంలో కొన్నవాళ్లు, ఇల్లు ఖాళీ చేస్తున్న అమెరికన్ పొరుగువారి దగ్గర కొన్నవాళ్లు, బాకీ కింద తీసుకున్నవాళ్లు. అందరిదీ ఒకటే మాట: "సంతకం ఉంది కదా!"

ఇన్నేళ్లలో నేను చూసిన అపోహలన్నిటిలో మనుషుల జేబుకి ఎక్కువ చిల్లు పెట్టింది ఇదే. సంతకం నిజమైనదైతే బొమ్మ కూడా నిజమైనదే అనుకోవడం. వేరే చిత్రకారుల విషయంలో సంతకం పెద్ద ఆధారమే. డాలీ విషయంలో కాదు.

ప్రింట్ అంటే రాయి, రేకు, చెక్క లాంటివాటి మీద చేసిన బొమ్మను కాగితాల మీద అచ్చువేసినది. ఈ పనిలో చిత్రకారుడు ఒకచోట, అచ్చువేసేవాళ్లు ఇంకోచోట ఉంటారు. వందల కాగితాలు అటూ ఇటూ మోయడం కష్టం. అందుకని ముందే ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి పంపడం కొన్నిసార్లు జరిగేది. డాలీ కూడా 1960ల నడుమ నుంచి అదే పద్ధతి పట్టాడు. మొదట్లో సౌకర్యం కోసం చేసిందే తరవాత వ్యాపారమైంది. ఆయన చుట్టూ చేరిన మధ్యవర్తులకు కావలసింది బొమ్మ కాదు, సంతకమున్న కాగితం. 1974లో ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్య ఉన్న చిన్న దేశం అండొర్రా వైపు వెళ్తున్న ఒక బండిని ఫ్రాన్స్ కస్టమ్స్ వాళ్లు ఆపి చూస్తే, అందులో డాలీ సంతకంతో ఉన్న ఖాళీ కాగితాలు దాదాపు 40,000 దొరికాయి. ఒక్క గీతైనా లేని నలభై వేల కాగితాలు! అలాంటివాటి మీద తరవాత ఎవరికి ఏం కావాలంటే అది అచ్చువేసుకోవచ్చు. ఆ బొమ్మ డాలీ కంటికి కూడా కనబడి ఉండదు, కింద సంతకం మాత్రం ఆయనదే. ఇక చేతిరాతను అనుకరించి పెట్టిన దొంగ సంతకాల లెక్క వేరే.

కాబట్టి సంతకం నిజమైనదేనని రుజువైనా బొమ్మ గురించి ఏమీ తేలనట్టే. దయచేసి ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పాలి. అమ్మినవాడే తన లెటర్‌హెడ్ మీద "ఇది అసలుదే" అని రాసిస్తే అది సాక్ష్యం ఎలా అవుతుంది? బంగారు రంగు సీలు, మందమైన కాగితం, చివర్లో ఎవరిదో డాక్టరేట్ బిరుదు. నేను వాటిని పక్కన పెట్టేస్తాను. పారేయమని మాత్రం ఎవరికీ చెప్పను. ఎవరు, ఎప్పుడు, ఏమని చెప్పి అమ్మారో తేల్చడానికి రేపు అదే పనికొస్తుంది.

మరి ఏం చూస్తాను? అచ్చు చూస్తాను, కాగితం చూస్తాను.

అచ్చు చూడటం నాకు నేర్పింది ఏ కాలేజీ కాదు, మా నాన్న. ఆయన విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేసేవారు. నాకు ఎనిమిదేళ్లప్పుడు గోడమీది లక్ష్మీదేవి క్యాలెండర్ దింపి, నా చేతిలో లెన్స్ పెట్టి "అమ్మవారి చీర చూడు" అన్నారు. చీర లేదు. నీలం, గులాబి, పసుపు, నలుపు చుక్కలు, ముగ్గు పెట్టినట్టు వరసలుగా, పువ్వుల్లా గుంపులుగా ఉన్నాయి. లెన్స్ తీసి చూస్తే చీర, పెట్టి చూస్తే చుక్కలు. ఆ రోజంతా ఇంట్లో ఉన్న ప్రతి అట్టపెట్టె మీదా లెన్స్ పెట్టి చూశాను. ఆ లెన్సే ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

చేత్తో చేసిన లితోగ్రాఫ్‌లో, అంటే రాయి మీద గీసి అచ్చువేసిన బొమ్మలో, అలాంటి వరస చుక్కలు ఉండవు. క్రేయాన్ నడిచిన గరుకు ఉంటుంది, ఎక్కడా ఒక లెక్కలో ఉండదు. లోహపు రేకు మీద గీతలు దింపి అచ్చువేసే ఎచింగ్ అయితే సిరా గీత వేలికి తగిలేంత ఉబ్బెత్తుగా ఉంటుంది, చుట్టూ రేకు అంచు కాగితంలోకి దిగిన ముద్ర కనిపిస్తుంది. లితోగ్రాఫ్ అని అమ్మిన బొమ్మ నిండా క్యాలెండర్ చుక్కలే ఉంటే, ఎవరో పుస్తకంలోని ఫొటోను తిరిగి అచ్చువేశారని గట్టి అనుమానం. అయితే డాలీ అసలు ప్రింట్లలోనూ కొన్నింటిలో ఫొటో పద్ధతి కలిసి ఉంటుంది. అందుకే చుక్కలొక్కటే చూసి తీర్పు చెప్పను. డాలీ ప్రింట్ల జాబితాగా 1996లో అచ్చయిన ఆల్బర్ట్ ఫీల్డ్ క్యాటలాగ్‌తో కొలతలు, ఎడిషన్ సంఖ్య (ఎన్ని ప్రతులు వేశారన్నది), కాగితం రకం పోల్చి చూస్తాను.

పెద్దాయన ఫ్రేమ్ వెనక టేపు కోసి, మౌంట్ అట్ట తీసి, ప్రింటును లైట్ టేబుల్ మీద పెట్టాను. ఫ్రెంచి మిల్లు కాగితం. కింది అంచున ఇన్నాళ్లూ అట్ట వెనక దాగిన వాటర్‌మార్క్, అంటే కాగితం తయారీలోనే పడి వెలుతురులో కనిపించే మిల్లు గుర్తు, కనబడింది. మిల్లు పేరు, దాని పక్కన అడ్డంగా పడుకోబెట్టిన ఎనిమిది అంకెలాంటి గుర్తు. అనంతం గుర్తు.

నా గుండె జారింది. ఆ మిల్లు వాటర్‌మార్క్‌లోకి ఆ గుర్తు వచ్చింది 1980లో. సర్టిఫికెట్‌లోనేమో "1968 లితోగ్రాఫ్" అని ఉంది. 1980 తరవాత తయారైన కాగితం మీద 1968లో అచ్చు ఎలా పడుతుంది?

పైగా 1980 నాటికి డాలీ పరిస్థితి వేరు. కుడిచేయి వణికేది. 1982 జూన్‌లో భార్య గాలా పోయింది. 1984లో స్పెయిన్‌లోని పూబొల్ కోటలో పడకగదికి నిప్పంటుకుని ఆయనకు కాలిన గాయాలయ్యాయి. 1989 జనవరి 23న సొంత ఊరు ఫిగెరెస్‌లో చనిపోయాడు. వణికే చేతి ముసలాయన పేరు మీద పడుచు చేతి సంతకాలు బజారుకు వస్తూనే ఉన్నాయి. అది తలచుకుంటే కొన్నవాళ్ల మీద కలిగినంత జాలి ఆయన మీదా కలుగుతుంది.

విషయం చెప్పాక ఆంటీ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "మేమే తెలివితక్కువగా కొన్నామా అమ్మా?" అని అడిగారు. కాదు ఆంటీ. గ్యాలరీల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లూ ఇలాగే కొన్నారు. అంకుల్ రసీదు దాచుకున్నారు, అది చాలా మేలైంది. నా పరీక్ష రిపోర్టు, వాటర్‌మార్క్ ఫొటో, రసీదు, సర్టిఫికెట్ కలిపి అమ్మినవాళ్లకు రాయమన్నాను. కొందరు గొడవ లేకుండా డబ్బు వెనక్కిస్తారు, కొందరితో లాయరు ద్వారా మాట్లాడాలి. ఏం చేసినా ఆ ప్రింటును అసలుదని చెప్పి ఇంకొకరికి అమ్మకండి అని మాత్రం చేతులు పట్టుకుని చెప్పాను.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

డాలీ మత్తుమందులు తీసుకుని బొమ్మలు వేసేవాడట. కాదు. ఆయన మెలకువకూ నిద్రకూ మధ్య క్షణాన్ని పట్టుకునేవాడు. కుర్చీలో కూర్చుని, చేతిలో బరువైన తాళంచెవి పట్టుకుని, కింద పళ్లెం బోర్లించి పెట్టేవాడు. కునుకు పట్టగానే తాళంచెవి జారి పళ్లెం మీద పడి మోగుతుంది, మెలకువ వస్తుంది. ఆ పద్ధతి ఆయనే రాసి పెట్టాడు.

బొమ్మ గీయడం రానివాళ్లే సర్రియలిజం, అంటే డాలీ వేసిన కలల్లాంటి వింత బొమ్మలు, వేస్తారట. ఈ మాటంటే నాకు ఒళ్లు మండుతుంది. 1926లో, 22 ఏళ్ల వయసులో ఆయన వేసిన రొట్టెల బుట్ట చూడండి. కోసిన రొట్టె ముక్క మీద వెలుగు, కింద మడత పడిన తెల్లగుడ్డ. అదే ఏడాది ఆయన చదువుతున్న మాడ్రిడ్ చిత్రకళ అకాడమీ ఆయన్ని పంపేసింది. చేయి తిరగక కాదు, తనను పరీక్షించే అర్హత పరీక్షకులకు లేదన్నందుకు.

ఆయన పేరుమోసిన పెయింటింగ్‌లోని కరిగే గడియారాలు ఐన్‌స్టీన్ సిద్ధాంతమట. ఆయన చెప్పుకున్నది మాత్రం ఇది: ఒక సాయంత్రం తలనొప్పిగా ఉండి ఇంట్లోనే ఉండిపోయాడు. భోజనమయ్యాక బల్ల మీద మెత్తబడి కారుతున్న కమంబేర్ చీజ్ చూశాడు. అప్పటికే సగం వేసి ఉంచిన సముద్రతీరం బొమ్మలో గడియారాలు చేర్చాడు. ఆ రాళ్లు కూడా కల్పన కాదు, ఆయన ఇంటి దగ్గరి కేప్ క్రేయస్ తీరానివే. 1931 నాటి ఆ పెయింటింగ్ 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 వెడల్పు, అంతే. న్యూయార్క్ మ్యూజియంలో దాని ముందు నిలబడి "ఇంత చిన్నదా!" అనని మనిషిని నేను చూడలేదు.

డబ్బు మనిషి అన్నది అపోహ కాదు. సర్రియలిస్టుల నాయకుడు బ్రెటనే ఆయన పేరులోని అక్షరాలు అటూ ఇటూ మార్చి "అవిదా డాలర్స్" అని పెట్టాడు, డాలర్ల దాహం అన్న అర్థంలో. ఎయిర్ ఇండియాకు బూడిద గిన్నె డిజైన్ చేసిచ్చి ఏనుగు పిల్లను అడిగాడన్నది కూడా నిజమే. ఆ పిల్ల 1967లో బెంగళూరు నుంచి జెనీవాకు విమానంలో వెళ్లి, అక్కడి నుంచి బండిలో స్పెయిన్ చేరింది. తిప్పితే ఏనుగు హంసలా, హంస ఏనుగులా కనిపించే గిన్నె అది.

ఇంకొకటి ఉంది, అది మొదట చెప్పిన సంతకం అపోహకు పూర్తిగా తిరగబడ్డది. పెన్సిల్ సంతకం లేకపోతే దొంగదే అనుకోవడం.

రెండేళ్ల క్రితం ఖమ్మం నుంచి వచ్చిన ఒక నర్సు, కొత్త అపార్ట్‌మెంటుకు మారుతూ, పాత సామాన్లమ్మేచోట ఫ్రేమ్ కోసం కొన్న బొమ్మ తెచ్చింది. "అక్కా, ఫ్రేమ్ బావుంది. లోపలిది తీసేసి మా అమ్మా నాన్నల ఫొటో పెట్టిస్తావా? సంతకం కూడా లేదు, పోస్టరే అయ్యుంటుంది" అంది. లెన్స్ పెట్టి చూశాను. చుక్కల్లేవు. లేత రంగుల పొరలు ఒకదాని మీద ఒకటి, ప్రతి పొరకూ దాని అంచు దానికి ఉంది.

అది ఇటలీ మహాకవి దాంతే 'డివైన్ కామెడీ' కావ్యానికి డాలీ వేసిన 100 బొమ్మల్లో ఒకటి. మొదట ఇటలీ ప్రభుత్వమే వేయమంది. మా మహాకవికి స్పెయిన్ వాడు బొమ్మలు వేయడమేమిటని అక్కడ గొడవ రేగి ఆ ఒప్పందం పోయింది. తరవాత ఫ్రాన్స్‌లో, ఆయన నీటిరంగుల బొమ్మల్ని చూసి పనివాళ్లు ఏళ్ల తరబడి దాదాపు 3,500 చెక్క బ్లాకులు చెక్కారు. అంటే ఒక్కో బొమ్మకు సుమారు 35 సార్లు అచ్చు పడాలి. పుస్తకంగా వచ్చిన ప్రింట్లు కాబట్టి చాలా వాటి మీద పెన్సిల్ సంతకం ఉండదు. వాటి మీద తరవాత ఎవరో పెన్సిల్‌తో సంతకం చేర్చి రేటు పెంచి అమ్మడం కూడా చూశాను. వేల ప్రతులు ఉన్నాయి కనుక కోట్లు రావు, మామూలుగా కొన్ని వందల డాలర్లు వస్తాయి. కానీ అసలుదే.

ఆ అమ్మాయి నమ్మలేదు. లెన్స్ ఇచ్చి చూడమన్నాను. చాలాసేపు వంగి చూసింది. "చుక్కలు ఏవీ అక్కా?" అంది. లేవన్నాను. కాగితం మీద పసుపు మచ్చలు పోయేలా శుభ్రం చేసి, యాసిడ్ లేని అట్ట వేసి, అదే ఫ్రేమ్‌లో బిగించి ఇచ్చాను. అమ్మా నాన్నల ఫొటోకు వేరే ఫ్రేమ్ చేయించుకుంది.

మీ ఇంట్లో డాలీ ఉంటే ఫ్రేమ్ మీరే విప్పకండి, పాత టేపుతో కాగితం చిరుగుతుంది. రసీదు, సర్టిఫికెట్, అమ్మినవాళ్ల ఈమెయిళ్లు ఒక కవర్లో పెట్టుకుని, కాగితం పని తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లండి. ముందు వాటర్‌మార్క్ చూపించమని అడగండి.